ముప్పై ఏడో ప్రశ్న

నేను రిటైరయ్యాక నా ఉద్యోగంలో కొత్తగా చేరిన సునీత పోయిన వారం స్మృతి నగర్‌లోని మా ఇంటికి వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు. భిలాయిలోనే పుట్టిన పిల్ల, తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ హిందీలోకి జారిపోతుంది. "ఆంటీ, మీ ప్రశ్నల పుస్తకం ఒక్కసారి ఇస్తే జిరాక్స్ తీయించుకుంటాను. బస్, అదుంటే చాలని కమిటీవాళ్లు చెప్పారు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో పని ఉందని చెప్పి, ఆ పిల్లను టీ కూడా పూర్తిగా తాగనివ్వకుండా పంపేశాను. పాపం, తన తప్పేముంది? కమిటీ చెప్పిందే అడిగింది. ఆ పుస్తకం రాసిందాన్ని నేను. అది చాలని కమిటీకి అలవాటు చేసిందాన్నీ నేనే. అందుకే సునీతకు నేనొక జవాబు బాకీ ఉన్నాను. ఇది ఆ జవాబు.

మా తెలుగు సంఘంలో ముప్పై ఒక్క ఏళ్లు క్రైస్తవ విద్య బోధకురాలిగా పనిచేశాను. ఆదివారం పొద్దున పిల్లలు, ఆరాధన అయ్యాక కుర్రకారు, బుధవారం ఆడవాళ్లు, శనివారం బాప్తిస్మం కోరుకునే పెద్దవాళ్లు. ఉక్కు ప్లాంటులో షిఫ్టులు మారినప్పుడల్లా నా తరగతులూ మారేవి. షిఫ్టు దిగి నేరుగా పాఠానికి వచ్చి, బెంచీ మీదే కునుకు తీసిన మగవాళ్లను నేనెప్పుడూ లేపలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. ఎవరు మెచ్చుకున్నారు, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇక్కడ రాయను. ఆ శాలువాలు బీరువాలో ఉన్నాయి, ఉండనీ.

హిందీ అక్షరాల్లో తెలుగు

నేను చేరిన కొత్తలో పిల్లలకు తెలుగు చదవడం వచ్చేది. సెలవులకు శ్రీకాకుళమో విజయనగరమో వెళ్లి అమ్మమ్మల దగ్గర కాస్తో కూస్తో నేర్చుకుని వచ్చేవాళ్లు. పోనుపోను అది పోయింది. ఇంట్లో తల్లి తెలుగులో అడిగితే పిల్ల హిందీలో జవాబిచ్చే రోజులు వచ్చాయి. సంఘంలో పెద్దలకు మాత్రం వార్షికోత్సవం నాడు మనవలు తెలుగులోనే వాక్యాలు చెప్పాలి. మనవరాలు తడుముకోకుండా తెలుగు చెబుతుంటే ముందు వరుసలో కూర్చున్న తాతలకు కళ్లనీళ్లు వచ్చేవి.

దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. అరవై ప్రశ్నలు, అరవై జవాబులతో ఒక పుస్తకం తయారుచేశాను. ఎడమవైపు తెలుగు. కుడివైపు అదే తెలుగు, హిందీ అక్షరాల్లో. పిల్లలు కుడివైపు చదివి గడగడా అప్పజెప్పేసేవాళ్లు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఒక్క అక్షరం తప్పేవాళ్లు కాదు. చుట్టుపక్కల సంఘాలవాళ్లు వచ్చి ఆ పుస్తకం అడిగి పట్టుకెళ్లారు. నేను భూమ్మీద నిలబడలేదు అప్పుడు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే రెండు లెంపకాయలు వేసుకోవాలనిపిస్తుంది.

ఆ లోపాన్ని మొదట పట్టుకున్నది షారోన్. సెక్టర్ 4 క్వార్టర్స్ నుంచి వచ్చేది, అప్పటికి పన్నెండేళ్లుంటాయి. ఒక ఆదివారం జవాబు తప్పు లేకుండా చెప్పి, కూర్చోకుండా నిలబడిపోయింది.

"ఏంటమ్మా?"

"ఆంటీ, దీని మత్లబ్ ఏంటి?"

"ముందు కంఠతా పట్టు. అర్థం తర్వాత అదే వస్తుంది" అన్నాను.

ముప్పై ఒక్క ఏళ్లలో నేనన్న మాటల్లో ఇంతకన్నా తప్పుడు మాట లేదు. అర్థం దానంతటది రాదు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి. అలా చెప్పడానికే నాకు ఆ ఉద్యోగం ఇచ్చారు.

సైకిల్ స్టాండ్ మనిషి

అప్పన్న ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. విజయనగరం దగ్గర పల్లె. పిల్లల్లేరు. భార్య మరియమ్మ మా సంఘ సభ్యురాలు, అప్పన్న కాదు. ప్రతి ఆదివారం సుపేలా నుంచి మరియమ్మను సైకిల్ మీద ఎక్కించుకుని తెచ్చేవాడు. ఆరాధన అయ్యేదాకా గుడి గోడ పక్కన సైకిల్ స్టాండ్ దగ్గర సిమెంటు గట్టు మీద కూర్చునేవాడు. ఆ గట్టుకు ఎదురుగానే గుడి కిటికీ.

"లోపలికి రావచ్చుగా అప్పన్నగారూ" అంటే, "నాకెందుకమ్మా, నానిక్కడే ఇంటన్నాను" అనేవాడు. ఎన్నేళ్లు విన్నాడో నాకు లెక్క తెలియదు. లోపల ఫ్యాను కింద కూర్చున్నవాళ్లలో సగం మంది అంత శ్రద్ధగా వినలేదని మాత్రం తెలుసు.

మరియమ్మ పోయింది. మా సమాధుల తోటలోనే పెట్టారు. ఆ తర్వాతి ఆదివారం అప్పన్న ఒక్కడే సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. స్టాండ్ వేసి, గట్టు మీద కూర్చోకుండా లోపలికి వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"టీచరమ్మా, నాకూ బాప్తిసం ఇప్పించండి. దాని పక్కన నాను పడుకోవాల."

మా తోటలో బాప్తిస్మం పొందినవాళ్లనే పెడతారు. నేను అతన్ని మా పాస్టరు అయ్యగారి దగ్గరికి తీసుకెళ్లాను. మా అయ్యగారు చాలా మంచివాడు, ఒక్కరిని కసిరి ఎరుగడు. కానీ గుడిలో ఫ్యాను ఈ మూల నుంచి ఆ మూలకు మార్చాలన్నా కమిటీని అడిగే మనిషి. మంచితనం వెనక దాక్కున్న పిరికితనాన్ని మేమంతా ఏళ్ల తరబడి వినయం అనుకున్నాం. "పాఠాలు నేర్చుకోనివ్వండమ్మా. కమిటీ ముందు అప్పజెప్పాక చూద్దాం" అన్నాడు.

ఆ మాటల్లోనే సంఘ కార్యదర్శి వచ్చాడు. ప్లాంటులో పెద్ద ఆఫీసరు. విషయం విని, అప్పన్న ఎదురుగానే నాతో, "సమాధి కోసం బాప్తిస్మమా? పైగా మతమార్పిడి గొడవలతో రోజులెలా ఉన్నాయో చూస్తున్నారుగా" అన్నాడు.

అప్పన్న తల దించుకోలేదు. "అవునండి బాబూ. దాని పక్కనుండాలనే. అది నమ్మినోడి కాడికే నానూ ఎల్తానంతన్నాను. ఇందులో తప్పేటుంది?"

బాప్తిస్మం ఎందుకని నేను ఎంతోమందిని అడిగాను. పెళ్లి కుదిరిందనో అమ్మానాన్నలు రమ్మన్నారనో నిజం చెప్పినవాళ్లు లేరు. అందరూ నా పుస్తకంలో జవాబే చెప్పారు. ఈ మనిషి ఒక్కడే తన మనసులో మాట చెప్పాడు, అతన్నే అనుమానించారు.

ఇద్దరూ కలిసి

అప్పన్నకు చదువు రాదు. డెబ్బై దాటిన తలలో నా జవాబులు నిలవలేదు. శనివారం నేర్చుకున్నది వచ్చే శనివారానికి పోయేది. "నోటికాడికొచ్చీసి ఎనక్కెలిపోతంది టీచరమ్మా" అని తనమీద తనే విసుక్కునేవాడు.

ఒక శనివారం నాకు గొంతు పూర్తిగా పోయింది. మాట పెగల్లేదు. వార్షిక పరీక్షకు చదువుకోవడానికి వచ్చిన షారోన్‌ను పిలిచి, పుస్తకం చేతికిచ్చి, అప్పన్నకు చదివి వినిపించమని సైగ చేశాను. ఆ పిల్లకు అప్పటికి పద్నాలుగేళ్లు. కుడివైపు అక్షరాలు చదువుకుంటూ పోయింది. కాసేపయ్యాక అప్పన్న ఆపాడు.

"గుంటా, నువ్వు సదివింది నీకు తెలిసిందేటి?"

"నహీఁ తాతా."

"ఓలమ్మా! మరెందుకలాగ సదివెత్తన్నావు? ఇలాగ్రా, కూకో."

ఆ రోజు నేను గొంతు లేక ఊరికే కూర్చుని చూశాను. నా ముప్పై ఒక్క ఏళ్లలో జరిగిన అసలైన పాఠం అదే, అది నేను చెప్పింది కాదు. ఆ పిల్లకు చదవడం వచ్చు, అర్థం తెలియదు. ఆ ముసలాయనకు అర్థం తెలుసు, చదవడం రాదు. పిల్ల చదువుతుంది, అతను విని సగం తన తెలుగులో సగం ప్లాంటు హిందీలో విప్పి చెబుతాడు. అప్పటి నుంచి ప్రతి శనివారం ఇద్దరూ అలాగే కూర్చునేవాళ్లు.

"తాతా, క్షమాపణ అంటే మాఫీయే కదా?" అని అడిగింది ఒకసారి.

"మాఫీయే గానీ, ఇను. ఓపాలి నాను డూటీల ఓవెన్ తలుపు సరిగ్గా ఎయ్యనేదు. మంట బయటికొచ్చీసి ఒకడి సెయ్యి కాలిపోనాది. ఆఫీసరు సాబొచ్చి, ఎవుడేసినాడ్రా తలుపని అడిగినాడు. ఆ సెయ్యి కాలినోడే, నానే సూసుకోనేదు సాబ్, అనీసినాడు. నా పేరు సెప్పనేదు. మర్నాడు నాను ఏడుసుకుంట ఆడి కాడికెల్తే ఏటన్నాడో తెలుసా? రారా టీ తాగుదాం, అన్నాడు. అదీ."

షారోన్ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత మెల్లగా, "తాతా, మీరు టీ తాగారా?" అని అడిగింది.

"తాగినాను. గొంతు దిగనేదు గానీ తాగినాను."

క్షమాపణ అంటే ఏమిటన్న ప్రశ్నకు నా పుస్తకంలో నాలుగు వరుసల జవాబు ఉంది. ఇంటికి వెళ్లి చదువుకుంటే నాకే సిగ్గేసింది.

ముప్పై ఏడో ప్రశ్న కూడా అలాగే ఒక శనివారం వచ్చింది. మనిషి చావు బతుకుల్లో ఉండి, అయ్యగారు అందుబాటులో లేకపోతే బాప్తిస్మం ఎవరివ్వవచ్చు? మా సంఘం నియమాల్లో ఉన్నదే నేను జవాబుగా రాశాను. విశ్వాసి ఎవరైనా సరే, నీళ్లు పోసి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరు చెప్పి ఇవ్వవచ్చు. అప్పన్న అర్థం చెప్పాక షారోన్ కళ్లు పెద్దవి చేసి, "అంటే నేను కూడానా?" అంది.

"నువ్వూ ఇవ్వొచ్చే గుంటా. పుత్తకంల ఉంది కదేటి" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

కమిటీ గది

పరీక్ష రోజు గుడి వెనక గదిలో కమిటీ పెద్దలు అయిదుగురు కూర్చున్నారు. అయ్యగారు ఒక చివర. ప్రశ్నలు అడగడం, మార్కులు వేయడం నా పని. అప్పన్న ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు. ఒక్కరూ కుర్చీ చూపించలేదు, నేను కూడా.

పది ఆజ్ఞలు చెప్పమంటే ఏడు చెప్పాడు, వరస తప్పాడు. విశ్వాస ప్రమాణం సగంలో ఆగిపోయింది. క్షమాపణ అంటే ఏమిటని అడిగాను. కావాలనే అడిగాను, అది వస్తుందని తెలిసి. అప్పన్న ముఖం వెలిగింది. "ఓపాలి నాను డూటీల ఓవెన్ తలుపు..." అని మొదలుపెట్టాడు.

"కథలొద్దు. పుస్తకంలో ఏముందో అది చెప్పు" అన్నాడు కార్యదర్శి. తనకన్నా పదిహేనేళ్లు పెద్దవాణ్ని, ఏకవచనంలో.

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న షారోన్ ఉండబట్టలేక, "అంకుల్, తాతకి అంతా తెలుసు. నాకు అర్థం చెప్పిందే తాత" అంది. "నువ్వు బయటికెళ్లమ్మా, ఇది పెద్దవాళ్ల గది" అన్నారు. అయ్యగారు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

నేను ఒక్క మాట అనాల్సింది. "నేను బోధకురాలిని. ఈయనకు విశ్వాసం తెలుసు, నేను సాక్ష్యం" అంటే చాలు. ఏళ్ల తరబడి నా మాట కొట్టేసినవాళ్లు లేరు. కానీ నాకింకా ఏడాది సర్వీసు ఉంది, గొడవెందుకులే అనుకున్నాను. మార్కుల పుస్తకంలో అతని పేరు ఎదురుగా 'తప్పాడు' అని రాశాను. అదే గదిలో, అదే పూట, అరవైకి అరవై చెప్పిన షారోన్ పేరు ఎదురుగా 'ప్రథమ బహుమతి' అని రాశాను. రాసింది ఒకే పెన్నుతో.

"ఆరు నెలలు పోయాక మళ్లీ రండి" అన్నారు. అప్పన్న అందరికీ దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఈ పనిలో చేరేవాళ్లకు నేను కచ్చితంగా చెప్పగలిగింది ఇదొక్కటే. నీ దగ్గర చదువుకున్న మనిషి కోసం ఆ గదిలో నువ్వు నోరు విప్పని రోజున నువ్వు టీచరువి కాదు, ఆ కమిటీకి గుమాస్తావి. నేను ఆ రోజు గుమాస్తానే.

గ్లాసుడు నీళ్లు

అప్పన్నకు ఆరు నెలలు లేవు. కోక్ ఓవెన్ పొగ ఊపిరితిత్తుల్లో ఎన్నాళ్ల నుంచి పేరుకుందో, ఒక్కసారిగా తిరగబెట్టింది. వార్షికోత్సవానికి ముందురోజు శనివారం, రిహార్సల్ అయ్యాక నేనూ షారోన్ ఆస్పత్రికి వెళ్లాం. మధ్యాహ్నం పన్నెండున్నర. నర్సు నన్ను పక్కకు పిలిచి, "ఎవరికైనా కబురు పెట్టాలంటే ఇప్పుడే పెట్టండి" అంది. అప్పన్న అన్న కొడుకొకడు రాయ్‌పూర్‌లో ఉన్నాడు, బయల్దేరాడన్నారు.

అప్పన్నకు తెలివి ఉంది. మమ్మల్ని గుర్తుపట్టాడు. మాట మాటకూ ఆగుతూ, "టీచరమ్మా, ఇప్పుడైనా పొయ్యరా నీల్లు?" అన్నాడు.

నేను వరండాలోకి వచ్చి అయ్యగారికి ఫోన్ చేశాను. వెనక సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి, రేపటికి వేదిక కడుతున్నారు. "కార్యదర్శిగారు కూడా ఇక్కడే ఉన్నారమ్మా. ఆయనతో ఒక మాట అనుకుని సాయంత్రం వస్తాను. మీరు తొందరపడకండి" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి షారోన్ మంచం పక్కన నిలబడి ఉంది. చేతిలో స్టీలు గ్లాసు, నిండా నీళ్లు.

"ఆంటీ, అయ్యగారు రారా?"

"సాయంత్రం వస్తారమ్మా."

"సాయంత్రం దాకా తాత ఉండరు ఆంటీ. మనం ఇవ్వచ్చు కదా. ముప్పై ఏడో ప్రశ్న. మీరే కదా చెప్పారు."

అప్పన్న ఆ పిల్ల వైపే చూస్తున్నాడు. తల కొంచెం పైకెత్తాడు కూడా, పోయడానికి వీలుగా.

నేను ఏం చేశానో దాచకుండా రాస్తున్నాను. ఆ గ్లాసు ఆ పిల్ల చేతిలోంచి లాక్కుని బల్ల మీద పెట్టాను. "అలా కాదమ్మా, దానికి పద్ధతి ఉంటుంది. అయ్యగారు వస్తున్నారుగా" అన్నాను. అప్పన్నతో కూడా అదే అన్నాను. అతను తల మళ్లీ దిండు మీద పెట్టేశాడు.

మూడు దాటాక పోయాడు. గ్లాసులో నీళ్లు అలాగే ఉన్నాయి.

అయ్యగారు ఆరింటికి వచ్చి చేతులు జోడించి, "దేవుని చిత్తం" అన్నాడు. దేవుడి మీదికి ఎందుకు తోస్తారు? రెండున్నర గంటల సేపు నీళ్లున్నాయి, నేర్చుకున్న పిల్ల ఉంది, అడిగిన మనిషి ఉన్నాడు. అడ్డం నిలబడింది నేను. నాకు దేవుడి భయం లేకపోయింది, కార్యదర్శి భయం ఉంది.

సమాధుల తోటలో చోటు ఇవ్వలేమని ఆ రాత్రే కమిటీ చెప్పేసింది. అన్న కొడుకు పెద్దగా వాదించలేదు. మర్నాడు పొద్దున్నే నది ఒడ్డుకు తీసుకెళ్లి దహనం చేశాడు. మరియమ్మ పక్కన జాగా ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

వార్షికోత్సవం

వార్షికోత్సవం ఆపలేదు. అప్పన్న సభ్యుడు కాదు కదా. రంగు కాగితాలు, మైకు, ముందు వరుసలో తాతలు, అమ్మమ్మలు. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. ప్రథమ బహుమతి వచ్చినవాళ్లు తమకు నచ్చిన జవాబు ఒకటి ఎంచుకుని సంఘం ఎదుట చెప్పాలి. ఆ ఆనవాయితీ పెట్టింది కూడా నేనే.

కార్యదర్శి షారోన్ పేరు పిలిచాడు. వస్తుందని నేననుకోలేదు. వచ్చింది. మైకు ముందు నిలబడి, "ముప్పై ఏడో ప్రశ్న" అంది. తప్పు లేకుండా, తడుముకోకుండా, శుద్ధమైన తెలుగులో జవాబు మొత్తం చెప్పింది. ముందు వరుసలో ఒక తాత కళ్లు తుడుచుకున్నాడు. కార్యదర్శి తల ఊపుతూ చప్పట్లు మొదలుపెట్టాడు. అయ్యగారు కొట్టాడు, గుడి అంతా కొట్టింది.

నేనూ కొట్టాను. అలవాటుగా చేతులు అవే లేచాయి.

షారోన్ చప్పట్లు ఆగేదాకా నిలబడింది. నావైపే చూస్తూ, "ఇస్కా మత్లబ్" అని మొదలుపెట్టి ఆ జవాబు అర్థం హిందీలో చెప్పింది, కింద కూర్చున్న చిన్నపిల్లలందరికీ తెలిసేలాగా. నిన్న మధ్యాహ్నం ఆస్పత్రిలో అప్పన్న తాత నీళ్లు అడిగాడని కూడా చెప్పింది. అప్పుడు మాత్రం ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కార్యదర్శి గొంతు సవరించుకుని తర్వాతి పేరు పిలిచాడు. బహుమతిగా ఇచ్చిన స్టీలు టిఫిన్ క్యారియర్‌ను ఆ పిల్ల నా కాళ్ల దగ్గర పెట్టి గుడిలోంచి వెళ్లిపోయింది. మళ్లీ నా తరగతికి రాలేదు. నేను మాత్రం ఇంకో ఏడాది అదే పుస్తకంతో పాఠాలు చెప్పి, శాలువా కప్పించుకుని రిటైరయ్యాను.

సునీతా, పుస్తకం ఇస్తాను, వచ్చి తీసుకో. ఈసారి టీ పూర్తిగా తాగి వెళ్లు. ముప్పై ఏడో ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడు పిల్లల చేత కంఠతా పట్టించకు. బల్ల మీద గ్లాసుతో నీళ్లు పెట్టి, ఒక్కొక్కరినీ లేపి ఆ గ్లాసు చేతికివ్వు. ఒకసారి ఇచ్చాక మాత్రం వాళ్ల చేతిలోంచి లాక్కోకు.